స్టీరియోకు ఇంటిలో చోటెక్కడ?

పూర్వము మన ఇండ్లలో రేడియోకు చోటు వెదకవలసిన పని లేకుండెను. వీధిగదిలో మనిషి ఎత్తున గోడకు ఒక పలక బిగించి, దానిపై అల్లికగుడ్డ పరచి, పిల్లల చేతులకు అందకుండ రేడియోను ప్రతిష్ఠించెడివారు. గదిలో ఈ మూలనుండి ఆ మూలకు ఏరియల్ తీగ వ్రేలాడుచుండెడిది. అచ్చటనుండి అది పలికిన పలుకు వంటయింటిలో కూర తరుగుచున్న ఇల్లాలికి, వసారాలో పడకకుర్చీలో వాలిన తాతగారికి, అరుగుమీద చేరిన ఇరుగుపొరుగువారికి అందరికిని అందుచుండెను. ఎవరు ఎక్కడ కూర్చున్నను వార్తలు వార్తలే, పాట పాటయే. రేడియోకు ఒక్కటే నోరు. ఒక్క నోటి మాటను ఏ ప్రక్కనుండి విన్నను పెద్ద నష్టము లేదు.

స్టీరియో అట్టిది కాదు. దానికి రెండు నోళ్లు. ఆ రెండును ఒకే మాట చెప్పవు. కొంత ఇది చెప్పును, కొంత అది చెప్పును, మిగిలినది రెండును కలిసి చెప్పును. ఇవి వినువాని చెవిలో ఒకటిగా కూడినప్పుడే పాట పూర్తియగును. కనుక స్టీరియోకు చోటు చూచుట యనగా రెండు పెట్టెలకు చోటు చూచుట మాత్రమే కాదు. వినువారికి గూడ చోటు చూచుట. ఈ రెండవ సంగతి కొనునప్పుడు ఎవరికిని స్ఫురింపదు. వస్తువు ఇంటికి వచ్చిన తరువాత కరెంటు ప్లగ్గు ఎక్కడ ఉన్నదో, వచ్చిన చుట్టములకు ఎక్కడ బాగుగ కనబడునో చూచి అచ్చట నిలుపుదుము. మేమును అట్లే చేసితిమి. ఆ పొరపాటు దిద్దుకొనుటకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టినది. ఆ సంవత్సరములో మాకు తెలిసివచ్చిన సంగతులను శ్రోతలకు మనవి చేయదలచితిమి. వానిలో ఒకటి స్టీరియోకు సంబంధించినది కాదు. కాని స్టీరియో లేకున్న అది మాకు తెలిసియుండదు.

మా యింటిలో ముందుగది పెద్దది. అందులో ఒక గోడ పొడుగున టీవీ, పుస్తకములు, కొండపల్లి బొమ్మలు పెట్టిన చెక్క షోకేసు ఉన్నది. స్టీరియో కొన్న దినమున ఆ షోకేసు అరలలో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటిగా స్పీకరు పెట్టెలు అమర్చి సంతోషించితిమి. చూచినవారెల్లరు బాగున్నదనిరి. విన్నవారు తక్కువ. నిజమునకు మా యింటిలో నిలుకడగా కూర్చొని సంగీతము వినువారు ఒక్కరే, మా తల్లిగారు. సాయంకాలము దీపము పెట్టి, మరునాటి కూరగాయలు ముందు వేసికొని, నడిమి గది గడప దగ్గర పీట మీద కూర్చొని కచేరీ పెట్టుమందురు. ఆ గడప ముందుగదికి ఎడమ చివర ఉన్నది. ఎడమ పెట్టె అచ్చటికి నాలుగడుగులు. కుడి పెట్టె పన్నెండడుగులు.

ఒకనాటి సాయంకాలము ఆమె వంకాయ తరుగుచు, 'ఈ వేళ వయొలిన్ వాయించే ఆయన రాలేదేమిరా?' అని అడిగిరి. మేము నవ్వితిమి. ఎప్పుడో రికార్డు చేసిన కచేరీకి ఈ వేళ ఒకరు రాకపోవుట ఎట్లు? కాని ఆమె పీట దగ్గరకు పోయి కూర్చొని వినగా ఆమె మాట నిజమే. గాత్రమున్నది, మృదంగము గట్టిగనే ఉన్నది. వయొలిన్ మాత్రము అక్కడక్కడ మెరసి మాయమగుచున్నది. లేచి గది నడుమకు వచ్చితిమి. కుడి ప్రక్కనుండి వయొలిన్ నిండుగ వినవచ్చినది.

కారణము మన కచేరీ మర్యాదలోనే ఉన్నది. వేదికపై సాధారణముగా గాయకునికి కుడి ప్రక్క మృదంగము, ఎడమ ప్రక్క వయొలిన్ కూర్చుందురు. ఎదుట కూర్చున్న మనకు మృదంగము ఎడమవైపు, వయొలిన్ కుడివైపు అగును. రికార్డులోను అట్లే పట్టినచో ఎడమ పెట్టెలో మృదంగము, కుడి పెట్టెలో వయొలిన్ ఎక్కువగా పలుకును. గాత్రము రెండింటిలోను సమానముగ పలుకును. ఎడమ పెట్టె చెంత కూర్చున్నవారు, సభలో మృదంగమునకు ఆనుకొని కూర్చున్నవారితో సమానము. టిక్కెట్టు కొని అట్టి చోట ఎవరు కూర్చుందురు? మా తల్లిగారిని మేము కొన్ని నెలలుగా అచ్చటనే కూర్చుండబెట్టితిమి.

బాలెన్సు మీట త్రిప్పి కుడి పెట్టె గొంతు పెంచిన సరిపోదా యని కొందరు అడుగుదురు. కొంతవరకే సరిపోవును. చెవి ఎక్కువ తక్కువలనే కాక ముందు వెనుకలను గూడ చూచును. శబ్దము సెకనుకు సుమారు 345 మీటర్లు, అనగా 1,130 అడుగులు నడచును. ఒక అడుగు నడచుటకు సెకనులో వెయ్యవ వంతు కన్న కొంచెము తక్కువ పట్టును. ఇది లెక్కకు రాని కాలమని మనమనుకొందుము, చెవి అట్లనుకొనదు. ప్రక్కనుండి వచ్చిన శబ్దము ఒక చెవిని చేరిన తరువాత రెండవ చెవిని చేరుటకు పట్టు కాలము సెకనులో పదివేల వంతులలో ఆరేడు వంతులు మాత్రమే. ఆ కొద్ది వ్యత్యాసముతోనే, పిలిచినవారు ఎటు ఉన్నారో చెవి తెలిసికొనుచున్నది. తగ్గుస్థాయి స్వరములకు ఈ కాలభేదమును, హెచ్చుస్థాయి స్వరములకు తల అడ్డుపడుట వలన కలుగు బలభేదమును చెవి ఆధారముగా గొనునని ఆంగ్ల శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించెను. ఈ తల అడ్డుపడు సంగతి తరువాత మరల వచ్చును.

జర్మనీ దేశీయుడైన హెల్ముట్ హాస్ 1951లో ప్రకటించిన పరిశోధన ఇంకను విచిత్రమైనది. ఒకే మాటను రెండు స్పీకర్లలో పలికించి, ఒకదానిని కొద్దిగా ఆలస్యము చేసినచో, వినువారికి మాట అంతయు ముందు పలికిన స్పీకరునుండియే వచ్చినట్లు తోచును. వెనుకబడినది కొంత గట్టిగ పలికినను అంతే. మా గడప దగ్గర ఎనిమిదడుగుల తేడా ఉన్నది. కుడి పెట్టె మాట సెకనులో వెయ్యింట ఏడు వంతులు వెనుకబడి చేరుచున్నది. ఇక మీట త్రిప్పి ఏమి లాభము? గాయకుడు సయితము వేదిక నడుమనుండి లేచి వచ్చి మృదంగము ఒడిలో కూర్చుండెను.

అసలు ఈ రెండు నోళ్ల యాలోచన పుట్టుటయే చోటును గూర్చిన చింతనుండి పుట్టినది. టాకీలు క్రొత్తగా వచ్చిన దినములలో తెర యంతటికి ఒక్కటే స్పీకరు దిక్కు. నటుడు ఈ చివరనుండి ఆ చివరకు నడచిపోయినను అతని మాట మాత్రము కదలక ఉన్నచోటనే ఉండెడిది. ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ అను ఇంజనీరునకు ఇది కంటకమై, 1931 డిసెంబరులో రెండు మార్గముల శబ్దమునకు పేటెంటు దరఖాస్తు చేసెను. 1934లో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో ఆ పద్ధతిని పరీక్షించి రికార్డులు పట్టిరి. రాడారు పరీక్షకై విమానమున పోవుచు ఆ విమానము కూలి 1942లో ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములు. స్టీరియో రికార్డులు బజారులోనికి బాగుగ వచ్చినది 1958లో. అది ఆయన చూడలేదు.

ఇక కొలతల మాట. ఇది సులభము. రెండు పెట్టెల నడుమ ఎంత దూరమో, ఒక్కొక్క పెట్టెనుండి వినువాని తలకు గూడ అంతే దూరము ఉండవలెను. సమబాహు త్రిభుజమని బడిలో నేర్చినదే. మన గదులలో ఆరడుగులనుండి ఎనిమిదడుగుల వరకు చాలును. మరీ దగ్గర చేర్చిన రెండును ఒకటియగును. మరీ దూరము జరిపిన నడుమ గొయ్యి పడి, పాడువాడు ఎటును చేరలేక తికమకపడును. నేడు బజారులో ఒకే పెట్టెలో రెండు స్పీకర్లు ఎనిమిదంగుళముల ఎడముతో బిగించి స్టీరియో యని అమ్ముచున్నారు. ఎనిమిదడుగుల దూరమున కూర్చున్నవారికి ఆ రెంటి నడుమ అయిదు డిగ్రీల కోణమైనను ఉండదు. పేరునకు రెండు, ఫలమునకు ఒకటి. వంటయింటిలో వార్తలు వినుటకు అది చక్కని వస్తువే; త్రిభుజములతో పని లేదు, ఎక్కడనైనను పెట్టుకొనవచ్చును.

పెట్టెలు సరిగ కుదిరినవో లేదో చూచుటకు ఒక పరీక్ష ఉన్నది. దానికి క్రొత్త రికార్డు అక్కరలేదు, పాతదే మేలు. ఘంటసాలవారి పాతపాట ఒకటి పెట్టుడు. ఆ కాలపు పాటలు సామాన్యముగా ఒకే మార్గమున పట్టినవి. రెండు పెట్టెలలోను అదే శబ్దము వచ్చును. త్రిభుజపు శిఖరమున కూర్చొని కన్నులు మూసికొనుడు. గొంతు రెండు పెట్టెల నడుమనున్న వట్టి గోడనుండి రావలెను. ఏ వస్తువును లేని చోటనుండి గొంతు వచ్చుట తొలిసారి విన్నవారికి ఆశ్చర్యము గొలుపును. మా యింటికి వచ్చిన ఒక బాలుడు లేచిపోయి గోడ తట్టి చూచెను. గొంతు నడుమ నిలువక గది యంతయు చెదరి, తగ్గుస్థాయి పలచబడినచో, ఒక పెట్టె తీగలు తారుమారు తగిలించితిరని గ్రహింపవలెను. ఎఱుపు ఎఱుపునకు, నలుపు నలుపునకు చేర్చిన సరిపోవును. ఈ చిన్న తప్పు ఏండ్ల తరబడి ఉండిపోయిన ఇండ్లు మేమెరుగుదుము.

ఎత్తు విషయమున మన ఇండ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. స్పీకరు పెట్టెలోని చిన్న గుండ్రము, అనగా హెచ్చుస్థాయి స్వరములను పలుకునది, వినువాని చెవి ఎత్తున ఉండవలెను. తగ్గుస్థాయి స్వరములు నలుదిక్కుల వ్యాపించును. హెచ్చుస్థాయి స్వరములు మాత్రము దీపపు వెలుగువలె తిన్నగ పోవును. విదేశములనుండి వచ్చు సూచనలన్నియు కుర్చీలో కూర్చున్న మనిషి చెవిని లెక్కలో ఉంచుకొని వ్రాసినవి. ఆ చెవి నేలకు మూడడుగులకు పైబడిన ఎత్తున ఉండును. చాప మీదనో పీట మీదనో కూర్చున్న మనిషి చెవి రెండున్నర అడుగులకు అటునిటుగా ఉండును. కుర్చీలవారికి కుదిర్చిన పెట్టె చాపమీదివారి తలమీదుగా పాడును. కావున మొదట మీ యింటిలో వినువారు ఎక్కడ కూర్చుందురో చూచి, అంత ఎత్తు పీఠములే వేయింపుడు. పెట్టెలను మార్చి వినువారిని కుర్చీ ఎక్కించుట తిరుగుడు పని. వడ్రంగికి చెప్పిన చెక్క పీఠములు ఒక పూటలో చేయును. గట్టిగ, ఊగకుండ ఉండుట ముఖ్యము.

షోకేసు అరలలో పెట్టెలు ఇరికించుటను గూర్చి మా యనుభవమే చాలును. పాట జోరందుకొనగానే మా కొండపల్లి దశావతారములు పదియును చిన్నగ నాట్యము చేయుచుండెడివి. అద్దపు తలుపులు తాళము వేయుచుండెడివి. ఇనుప బీరువా ప్రక్కనున్న పెట్టె సంగతి ఇక చెప్పనక్కరలేదు. పెట్టె కంపించునప్పుడు అర కంపించును, అర కంపించునప్పుడు అందలి సమస్తమును కంపించును. పాతరికార్డులు త్రిప్పు యంత్రమును పెట్టెలున్న బల్లమీదనే ఉంచినవారికి మరియొక శిక్ష ఉన్నది: పెట్టె అదురు సూదికి తగిలి, సూదినుండి మరల పెట్టెకు పోయి, చివరకు పెద్ద ఊళ బయలుదేరును.

గది మూలలు పెట్టెలకు సహజముగ ఖాళీగ కనబడును. అవి మోసము. మూలలో ఉన్న పెట్టె తగ్గుస్థాయిని రెండు గోడలును, నేలయు కలిసి పెంచి పంపును. మృదంగపు తొప్పి గుమ్మటములో కొట్టినట్లు మ్రోగును. ఇంటిలోని యువకులకు ఇది బలమని తోచును. గోడకు ఒకటి రెండడుగులైనను ఎడము చేసినచో మ్రోత తగ్గి నాదము మిగులును. గది కొలతయు కొన్ని స్వరములను పట్టి ఊపును. పన్నెండడుగుల పొడవున్న గదిలో సెకనుకు సుమారు 47 కంపనములు గల స్వరము ఎదురెదురు గోడల నడుమ నిలిచిపోవును. గోడలచెంత అది ఉబ్బి వినబడును. గది నట్టనడుమ ఇంచుమించు మాయమగును. గది చతురముగ ఉన్నచో రెండు దిక్కులను అదే స్వరము నిలిచి కష్టము ఇబ్బడియగును. అందుచేత కూర్చుండు చోటు గోడకు ఆనించియు ఉండరాదు, గది సరిగ్గ మధ్యనును ఉండరాదు. మన సోఫాలన్నియు గోడలకు వీపులానించుకొనియే ఉండును. ఒకటి రెండడుగులు ముందుకు లాగుటకు ఇల్లాలి అనుమతి కావలెను. ఏ దిక్కున పెట్టవలెనని వాస్తు అడుగువారును ఉన్నారు. శబ్దమునకు తూర్పు పడమరలు తెలియవు. గోడ ఎంత దూరమో మాత్రము తెలియును.

ఇక ప్రతిధ్వని. దీనిని కొంచెము విపులముగ చెప్పవలెను, ఏలనన మన క్రొత్త ఇండ్లలో నూటికి తొంబది పాళ్లు పాట చెడునది ఇచ్చటనే యని మా అభిప్రాయము. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునందు క్రొత్త ఉపన్యాస మందిరములో ఒక్క ముక్కయు అర్థము కాకుండెను. పలికిన మాట 5 సెకనులకు మించి మ్రోగుచుండగా దానిపై తరువాతి మాట వచ్చి పడుచుండెడిది. దిద్దుమని వాలెస్ సబైన్ అను యువ అధ్యాపకునకు అప్పగించిరి. ఆయన రాత్రులందు ప్రక్కనున్న నాటకశాల ఆసనములమీది మెత్తలు మోయించి తెచ్చి, మందిరములో కొన్ని కొన్నిగా పరచి, ఆర్గను గొట్టము ఒకటి పలికించి, మ్రోత ఎంతసేపటికి అణగునో గడియారముతో కొలిచి, తెల్లవారకముందే మెత్తలు తిరిగి పంపెడివాడు. మెత్తలు పెరిగిన కొలది మ్రోత తగ్గినది. మందిరము నిండ పరచినప్పుడు ఒక సెకనుకు కొంచెము పైకి వచ్చినది. నేటి సభామందిరముల శబ్దశాస్త్రమునకు ఆ మెత్తలే పునాది.

సబైన్ శబ్దమును మ్రింగు శక్తికి కొలమానముగా దేనిని తీసికొనెనో మనవారికి వినోదముగ నుండును: తెరచిన కిటికీని. దానిలో పడిన శబ్దము తిరిగి రాదు గదా. ఆ లెక్కన మన పాత మండువా యిల్లు నడినెత్తిన తెరచిన కిటికీ గల యిల్లు. నాలుగు వసారాలలో ఎక్కడ పాడినను మ్రోత ఆకాశమునకు పోవును. మిగిలినది దూలములును, పెంకులును, ఆరవేసిన బట్టలును చెదరగొట్టును. అట్టి యింటిలో పెరిగిన చెవి, నేటి అపార్టుమెంటులో నున్నని గ్రానైటు గచ్చు, సిమెంటు గోడలు, అద్దపు తలుపుల నడుమ పాట వినగానే ఏదో కరకుదనమని గుర్తించును. యంత్రము మంచిది కాదేమో యని శంకించి మార్చువారును ఉన్నారు. మార్చవలసినది గది. గది నడుమ నిలిచి ఒకసారి చప్పట్లు చరచుడు. గలగలమని తీగవలె మ్రోగినచో ఎదురెదురు గోడలు శబ్దమును బంతివలె ఆడుకొనుచున్నవని యర్థము. ఒక గోడకు పుస్తకముల బీరువా, ఒక కిటికీకి దట్టమైన తెర, పెట్టెలకును పీటకును నడుమ నేలమీద ఒక జంపఖానా. ఇంతకు మించి ఖర్చు అక్కరలేదు. పడకగదిలోని బూరుగుదూది పరుపు ఒక్కటియే చాల పని చేయును. చాలమంది గమనింపరు గాని, సామాన్యపు ఇంటిలో అన్నిటికన్న శ్రావ్యముగ పాట వినవచ్చు గది పడకగదియే.

ఏ గది యను ప్రశ్నకు ఇట్లు వచ్చితిమి. ముందుగదికి వీధి మోత, టీవీ, రాకపోకలు. దానికి కలిపి కట్టిన వంటయిల్లు ఉన్నచో కుక్కరు ఈలకు ఏ రాగమును నిలువజాలదు. తలపై పంకా గిరగిర తిరుగుచుండగా తంబూరా శ్రుతి వినబడదు. మే నెలలో దానిని ఆపుటయు సాధ్యము కాదు. పొరుగువారితో ఉమ్మడియైన గోడకు పెట్టెలు ఆనించుట పాపము. హెచ్చుస్థాయిని గోడ ఆపును గాని తగ్గుస్థాయి దానిని దాటిపోవును. అవతల పరీక్షకు చదువుకొను పిల్లవానికి మన పాట అందదు, దరువు మాత్రము అందును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాస ప్రాంతములలో రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు 45 డెసిబెల్సును హద్దుగ పెట్టినవి. అది నెమ్మదిగ మాటలాడుకొనుటకు సరిపోవు హద్దు. ఎండ పడు కిటికీ క్రిందను, ఉప్పుగాలి నేరుగ కొట్టుచోటను యంత్రము ఉంచరాదు. ముచ్చటపడి కుట్టిన ముసుగును యంత్రము పాడుచుండగా దానిమీద కప్పియుంచుట అంతకన్న కూడదు. వెచ్చదనమును కోరి బల్లులు లోనికి దూరుటయు కద్దు.

అన్నియు ఆలోచించి స్టీరియోను నడిమి గదికి మార్చితిమి. ఆ గది చిన్నది, చుట్టములకు కనబడదు. ఒక ప్రక్క పరుపులు చుట్టి పెట్టిన బల్ల, ఒక ప్రక్క బట్టల బీరువా. మా తల్లిగారు కూర్చుండుట మానని గది అదియే. టేపు పట్టి కొలిచి ఏడడుగుల త్రిభుజము గీచితిమి. పీటకు తగిన ఎత్తున పీఠములు చేయించితిమి. పాతపాట పెట్టి చూడగా గొంతు వట్టి గోడ నడుమనుండి ముత్యమువలె వచ్చినది. మా తల్లిగారిని శిఖరమున కూర్చుండబెట్టి మునుపటి కచేరీ పెట్టి, ఎట్లున్నదని అడిగితిమి. ఆమె కొంతసేపు విని, 'బాగానే ఉందిరా. వయొలిన్ ఆయన మాత్రం వెనక గదిలో కూచుని వాయిస్తున్నట్టుంది' అనిరి.

మాకు కొంచెము కోపము వచ్చినదని ఒప్పుకొందుము. పీట మీద మేము కూర్చొని వింటిమి. ఏ లోపమును లేదు. తీగలు చూచితిమి, బాలెన్సు చూచితిమి. చివరకు ఏమియు తోచక కుడి తీగను ఎడమ పెట్టెకు, ఎడమ తీగను కుడి పెట్టెకు మార్చి, ఏమియు చెప్పక మరల పెట్టితిమి. వయొలిన్ ఎడమకు వచ్చినది. ఆమె ముఖము విప్పారినది. 'ఇదిగో, ఇప్పుడు వచ్చాడు. మృదంగం ఏదిరా?'

లోపము యంత్రములోను లేదు, గదిలోను లేదు. మరుసటి వారము చెవి వైద్యునికి చూపించితిమి. కుడి చెవి వినికిడి చాల యేండ్లుగా తగ్గుచు వచ్చినదని పరీక్షలో తేలినది. ముఖ్యముగా హెచ్చుస్థాయి. కుడి పెట్టె శబ్దము ఎడమ చెవికి చేరకపోలేదు; కాని తల అడ్డుపడి దాని మెరుపును తీసివేసి పంపుచున్నది. ఎన్నాళ్లుగా ఇట్లున్నదని వైద్యుడు అడిగిన ప్రశ్నకు ఆమెయు చెప్పలేకపోయిరి, మేమును చెప్పలేకపోతిమి. ఒక్క నోటి రేడియో అది బయటపడనీయలేదు. ఎదుట నిలిచి మాటలాడు మనుష్యులును బయటపడనీయలేదు. కుడి ప్రక్కనుండి పిలిచినప్పుడు పలుకకపోయిన, వంటపనిలో ఉండి వినలేదనుకొంటిమి.

పెద్దవారున్న ఇండ్లలో ఈ తీగలు మార్చు పరీక్ష చేసి చూడవలసినదని మా మనవి. ఒకే పాటను రెండు విధముల వినిపించి, ఏ వాద్యము దూరమైనదని అడుగుటయే. దూరమైనది ప్రతిసారి ఒకే ప్రక్కన ఉన్నచో, అది వైద్యునితో చెప్పవలసిన సంగతి. ఇది వైద్యపరీక్షకు బదులు కాదు. అచ్చటికి పోవుటకు కారణము మాత్రమే.

ఆమెకు ఇప్పుడు వినికిడి యంత్రము ఉన్నది. మాటలకు దానిని పెట్టుకొందురు. పాట వినునప్పుడు తీసివేయుదురు. మాటకై దిద్దిన యంత్రములో సంగీతము కొంత వంకరపోవుట కద్దు. మేము పీటను త్రిభుజపు శిఖరమునుండి తీసి, కుడి పెట్టెకు కుడిగా గోడవారకు జరిపితిమి. అచ్చటనుండి రెండు పెట్టెలును ఆమె ఎడమ చెవివైపే ఉన్నవి. మా ఆంప్లిఫయరుకు మోనో అను మీట ఒకటి ఉన్నది; దానిని నొక్కిన రెండు మార్గములును ఒకటియై రెండు పెట్టెలలోను సమస్తమును పలుకును. సాయంకాలము ఆరుగంటలకు ఆ మీట నొక్కి ఉంచుదుము. వయొలిన్, మృదంగము, గాత్రము అన్నియు ఒకే ప్రక్కనుండి, పాత రేడియోలో వలెనే వచ్చును. ఆమె కూర తరుగుచు విందురు. రాత్రి ఆమె పడుకొన్న తరువాత మీట విడిచి, గొంతు తగ్గించి, గచ్చుమీద సుద్దతో గుర్తు పెట్టిన చోట మేము కూర్చుందుము.